అరచేతిలో పులుసు

మా ఇంట్లో వండేవాళ్ళు వంట రుచి చూడరు. దించిన వంటలోంచి మొదటి గరిటె దేవుడి ముందు పెట్టి, దణ్ణం పెట్టుకున్నాకే అది ఎవరి నాలుకకైనా తగలాలి. ఇది మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న పద్ధతి. నేను రోజూ దీపం పెట్టుకునే మనిషినే గాని, పెళ్ళికి ముందు ఇంత పట్టింపు ఎరగను. తినేది ఇంట్లో వాళ్ళమే అయితే గొడవ లేదు. మేము నడిపేది భోజన హోటలు. మధ్యాహ్నం అయ్యేసరికి ముందు హాలు నిండిపోతుంది, వీధరుగు మీద కూడా మనుషులు కూర్చుంటారు. అంతమందికి వండినదాన్ని రుచి చూడకుండా వడ్డించడమంటే కళ్ళు మూసుకుని సైకిలు తొక్కడమేనని కొత్తలో గుండెలు బిగబట్టుకునేవాణ్ణి.

ఆ భయం తొందరగానే పోయింది. మా ఆవిడ గుండిగ మీద మూత కాస్త పక్కకు జరిపి, ఆవిరి మొహానికి తగిలేలా వంగి, ఒక్కసారి గాలి పీల్చేది. "ఇంకాస్త పడాలి" అనేది. లేదా "సరిపోయింది" అనేది. అంతే. ఉప్పు ఒక రాయి ఎక్కువా కాదు, తక్కువా కాదు.

"ఉప్పుకు వాసనేమిటే?" అని అడిగానొకసారి.

"ఉప్పుకు ఉండదు. ఉప్పు పడని పులుసుకు ఉంటుంది. పచ్చిగా, పలకరించని చుట్టంలా ఉంటుంది. మా అమ్మ వీధి గుమ్మంలో నిలబడి పెరట్లో పొయ్యి మీద కుండకు ఉప్పు చాలలేదని చెప్పేది, తెలుసా?"

మా అత్తగారి వంట గురించి ఆవిడ చెప్పినవన్నీ నమ్మితే వంటకే గుడి కట్టాలి. అయినా నమ్మేవాణ్ణి. ఎదురుగా కూతురు కనబడుతోంది కదా.

వారానికి ఒక రోజు మా హోటల్లో మా ఆవిడ పుట్టిన వైపు వంటలు మాత్రమే వండేది. వాళ్ళవి కొండ కింది ఊళ్ళు. నూనె చుక్క లేకుండా కాల్చిన జొన్నరొట్టె, వేయించిన మిరపకాయల పచ్చడి, నువ్వుల పొడి, బెల్లంలో ఉడికించిన అన్నం. అన్నిటికీ పెద్ద, పులుసు. గుమ్మడి ముక్కలు, వంకాయలు, చిన్న ఉల్లిపాయలు, తోటకూర కాడలు చింతపండు రసంలో మెల్లగా ఉడికి, ఆఖర్న బియ్యప్పిండి నీళ్ళతో చిక్కబడి, మీద తాలింపు పడాలి. ఆ రోజు కొండ కింది వాళ్ళంతా వాలిపోయేవారు. నర్సు, బస్సు డ్రైవరు, దర్జీ, ఇళ్ళకు రంగులేసే అన్నదమ్ములు. మొదటి ముద్దకు ఎవరూ మాట్లాడేవారు కాదు. రెండో ముద్దకు అందరూ ఒకేసారి మాట్లాడేవారు. మిగతా రోజుల్లో ఒకరికొకరు తెలియనట్టు తిరిగే మనుషులు, పులుసు దగ్గర అక్కా, బావా అని పిలుచుకునేవారు.

మొన్న వానల్లో మా ఆవిడకు జ్వరం వచ్చింది. తగ్గింది. మళ్ళీ పొయ్యి దగ్గరకు వెళ్ళింది. ఒక ఉదయం నేను దీపం వెలిగిస్తుంటే మాడు వాసన గుప్పుమంది. పరుగెత్తుకెళ్ళి చూస్తే పాలు పొంగి, పొయ్యంతా నల్లబడి, గిన్నె అడుగంటుతోంది. పక్కనే కూర్చుని మా ఆవిడ తాపీగా వంకాయలు తరుగుతోంది.

"వాసన రావట్లేదా?" అన్నాను.

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. తల ఎత్తలేదు. "జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ ఏ వాసనా రావట్లేదండీ. ఎవరికీ చెప్పకండి."

"డాక్టరుకైనా చెప్పాలి కదా?"

"చెప్పాను. వస్తే వస్తుంది, ఓపిక పట్టమన్నాడు. ఓపికైతే పడతాను. ఈలోగా ఉప్పు ఎవరు చూస్తారు?"

ఆవిడ భయం నాకు అర్థమైంది. మా అబ్బాయి లారీ మీద తిరుగుతూ ఇంటికి వచ్చినప్పుడల్లా "అమ్మా, ఇక చాలు, కూర్చో" అంటూనే ఉన్నాడు. ప్రేమతోనే అంటాడు. ఈ సంగతి తెలిస్తే ఆ ప్రేమతోనే గరిటె లాగేసుకుంటాడు. ఆవిడకు గరిటె చేతిలో లేకపోతే చెయ్యే లేనట్టు.

"నాలుకకు ఉప్పు తెలుస్తోందా?" అన్నాను.

"తిన్నప్పుడు తెలుస్తోంది. కానీ తినేది దేవుడికి పెట్టాక కదా."

"ఈ ఒక్కసారికీ ముందు..."

"మా అమ్మ పద్ధతి నా దగ్గరకొచ్చి ఆగిపోవాలా?"

ఆవిడే ఒక దారి చెప్పింది. ఆవిడకు ముక్కు లేదు, నాకుంది. నేను ఆ ముక్కుతో చూసి చెప్పాలి. చిక్కేమిటంటే నా ముక్కులో ఎన్నో ఏళ్ళుగా ముక్కుపొడి తప్ప మరో వాసనకు చోటు లేదు. ఆ రోజే ముక్కుపొడి డబ్బీ తీసుకెళ్ళి బియ్యం డబ్బా వెనక దాచేసింది. నాలుగు రోజులు ఎడతెగకుండా తుమ్మాను. ఆ తర్వాత లోకంలో ఇన్ని వాసనలున్నాయా అని ఆశ్చర్యపోయాను. మా వీధిలో సబ్బు వాసన ఉంది. తడి గోనెసంచి వాసన ఉంది. దేవుడి గూట్లో దీపం నూనెకు నువ్వుల వాసన ఉందని, దాన్ని ఇన్నేళ్ళు వెలిగించిన నాకే తెలియదు.

కోడలికి తెలియకుండా ఉండాలి కదా, అందుకని దగ్గులతో ఏర్పాటు చేసుకున్నాం. నేను పెరటి గుమ్మంలో స్తోత్రం చదువుకుంటూ కూర్చుంటాను. ఆవిడ మూత జరుపుతుంది. నేను పీల్చి, ఒకసారి దగ్గితే ఇంకో గుప్పెడు. గొంతు సవరించుకుంటే చాలు. నా ముక్కు ఏమంత ఘనమైనది కాదు. కొన్ని రోజులు చప్పగా పోయింది. బల్లల మీద ఉప్పు గిన్నెలు పెట్టాను. "ఏమిటి పెద్దాయనా, ఉప్పు ఎవరికి వాళ్ళే వడ్డించుకోవాలా?" అన్నాడు బస్సు డ్రైవరు. కొత్త పద్ధతి అన్నాను.

మా కోడలు మందుల షాపులో పనిచేస్తుంది. పొద్దున్నే అత్తగారికి సాయం చేసి వెళుతుంది. నా దగ్గు విని ఊరుకునే పిల్ల కాదు. "మావయ్యగారూ, నోరు తెరవండి" అంటూ ఎర్రటి మందు చెంచాతో పోసేది. ఏమని చెప్పను? మింగేవాణ్ణి. సీసా అయిపోతే ఇంకోటి తెచ్చేది.

ఇలా నడుస్తుండగా టీచరమ్మ వచ్చింది. కొండ కింది వాళ్ళలో అందరికంటే పెద్దాయన కూతురు. ఆ పెద్దాయన్ని అందరూ ఉప్పుతాతయ్య అంటారు. గడియారాలు బాగుచేసి బతికిన మనిషి. ఉప్పు వ్యాపారం ఏ రోజూ చెయ్యలేదు. మరి ఆ పేరెందుకొచ్చిందో ఎవరూ అడగలేదు, ఆయన ఏ వంట తిన్నా ముందు ఉప్పు మాటే ఎత్తుతాడు కనుక అందుకే అనుకునేవాళ్ళం.

"నాన్నకు ఎనభై నిండుతున్నాయి అక్కా" అంది టీచరమ్మ మా ఆవిడతో. "ఏం పెట్టినా గడ్డి అంటున్నారు. పళ్ళెం జరిపేస్తున్నారు. ఆ రోజు మన వైపు వంటలన్నీ నువ్వే వండాలి. మన వాళ్ళందర్నీ ఇక్కడికే పిలుస్తున్నాను. పులుసు మీ అమ్మగారు చేసినట్టే ఉండాలన్నారు నాన్న."

"మా అమ్మ పులుసు ఆయనెప్పుడు తిన్నారు?"

"చిన్నప్పుడు మీ పక్కిల్లేనట. నువ్వు పుట్టకముందే మా వాళ్ళు ఊరు వదిలి వచ్చేశారట. ఆ పులుసు మాత్రం వదల్లేదు."

మా ఆవిడ ఒప్పుకుంది. టీచరమ్మ వెళ్ళగానే అన్నాను, "ఎలాగే?"

"అదే చూస్తాను. అమ్మ పులుసు తిన్న నోరు ఇంకొకటి ఉందని ఇవాళే తెలిసింది. ఆ నోటికి నచ్చితే పొయ్యి దగ్గరే ఉంటాను. నచ్చకపోతే గరిటె కోడలి చేతికిచ్చి వీధరుగు మీద కూర్చుంటాను. అబ్బాయి అనక్కర్లేదు, నేనే అంటాను."

ఆవిడ అంటే అన్నట్టే. ఆ రోజు నుంచి నా స్తోత్రాల్లో దేవుడి పేర్ల మధ్య పులుసు కూడా చేరింది.

ఆ రోజు రానే వచ్చింది. జనం ఎక్కువని పెద్ద గుండిగను పెరట్లో కట్టెల పొయ్యి మీద పెట్టాం. గాలి పెరటి గేటు వైపు నుంచి వీస్తోంది. మా ఆవిడ గాలికి ఎదురుగా, గుండిగ మీదికి వంగి నిలబడింది. నేను ఎప్పటిలా గుమ్మంలో. లోపల వంటింట్లో కోడలు పచ్చడికి మిరపకాయలు వేయిస్తోంది. షాపుకు సెలవు పెట్టింది పాపం.

మా ఆవిడ మూత జరిపింది. పీల్చాను. ఉడికిన గుమ్మడి, చింతపండు, కాస్త పచ్చిదనం. ఒకసారి దగ్గాను. ఒక గుప్పెడు ఉప్పు పడింది. అంతవరకూ బాగానే ఉంది.

అప్పుడు వంటింట్లోంచి మిరపకాయల ఘాటు వచ్చింది. నేను గుమ్మంలో సరిగ్గా దాని దారిలో ఉన్నాను. గొంతు పట్టేసింది. దగ్గాను. మా ఆవిడ నా వైపు చూడలేదు, ఎప్పుడూ చూడదు, అనుమానం వస్తుందని. గుప్పెడు ఉప్పు వేసింది. మళ్ళీ దగ్గాను. మళ్ళీ వేసింది. వద్దని చెప్పబోతే మాటకు బదులు దగ్గే వచ్చింది. చేతులు ఊపాను. కళ్ళ నిండా నీళ్ళు. ఆవిడ వీపు నా వైపు, మొహం గాలికి, ఘాటు అక్కడిదాకా పోవట్లేదు. మామూలుగా అయితే వీధి చివర మిరపకాయ వేగినా తుమ్మే మనిషి, ఇప్పుడు ఏమీ తెలియక "ఏమిటో ఇవాళ, ఎంత వేసినా చాలట్లేదు" అని గొణుక్కుంటూ వేస్తూనే ఉంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ నా మాట ఆవిడ ఇంత శ్రద్ధగా విన్నది ఆ ఒక్క రోజే.

చివరికి పడుతూ లేస్తూ వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"ఆపవే! మిరపకాయలు! దగ్గు కాదది, దగ్గు!"

"దగ్గు కాని దగ్గేమిటండీ?"

"నిజం దగ్గు! ఎంత వేశావు?"

ఆవిడ ఉప్పు జాడీలోకి చూసింది. "మీరు దగ్గినంత" అంది నెమ్మదిగా.

మూకుడు పట్టుకుని కోడలు గుమ్మంలోకి వచ్చింది. "దగ్గినంత ఉప్పేమిటి అత్తయ్యా?"

ఇద్దరం నేల చూపులు చూశాం. ఇక దాచి లాభం లేదు. నేనే చెప్పాను. జ్వరం, ముక్కు, ఏర్పాటు, అన్నీ. కోడలు మూకుడు కింద పెట్టింది.

"అంటే మావయ్యగారూ, మీకు దగ్గు లేదా?"

"లేదమ్మా."

"లేకుండానే అన్ని సీసాలు తాగారా?"

"తియ్యగా ఉందమ్మా."

నవ్వాలో కోప్పడాలో తెలియక నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత అత్తగారి దగ్గరకెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. "నాకు చెప్పొచ్చు కదత్తయ్యా. సరే, అయిందేదో అయింది. ఇప్పుడు కాస్త నాలుక మీద వేసుకుని చూద్దాం. ఎంత ఉందో తెలిస్తే కదా దిద్దేది."

"దేవుడికి పెట్టకుండానా?"

"ఈ ఉప్పు కషాయం దేవుడికి పెట్టడం కంటే నయం కదా!"

"దేవుడు ఏమీ అనుకోడేమో" అన్నాను నేను.

"మీతో చెప్పాడా?"

"చెప్పలేదు. అనుకుంటానని కూడా ఎప్పుడూ చెప్పలేదు."

మా ఆవిడ నన్నొక చూపు చూసి, గరిటెను గుండిగ మీద అడ్డంగా పెట్టి, బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. "మా అమ్మ జన్మంతా రుచి చూడకుండా వండింది. ఒక్కరోజు తప్పు పోలేదు. నాకు చేతకాలేదు. అంతే. ఇదిగో అమ్మాయ్, గరిటె ఇక నీదే."

"నాకొద్దు బాబోయ్" అంది కోడలు. "నేను పెట్టిన కాఫీ మీ అబ్బాయి లారీ ఎక్కాక కూడా తలుచుకుని భయపడతాడు."

మా ఆవిడ నవ్వలేదు. పొయ్యిలో కట్టె చిటపటమంది. అప్పుడు పెరటి గేటు కిర్రుమంది.

ఉప్పుతాతయ్య. కొత్త బట్టలు కట్టుకుని, చేతికర్రతో, ఒక్కడే. పెరట్లోంచి తిన్నగా పొయ్యి దగ్గరకు వచ్చాడు. కర్ర ఎడమ చంకలో పెట్టుకున్నాడు. కుడి చెయ్యి ముందుకు చాపి, అరచెయ్యి దోసిలిలా గుంట చేసి, గుండిగ పక్కన నిలబడ్డాడు.

ఆయన తన చేతిని తనే చూసుకుని కాస్త సిగ్గుపడ్డాడు.

"వీధిలోకి వాసన వచ్చిందమ్మాయ్. కాళ్ళు వాటంతటవే వచ్చేశాయి. పులుసు వాసన తగిలితే ఈ చెయ్యి ఇలా లేస్తుంది. చిన్నప్పటి అలవాటు."

"ఏం అలవాటు పెదనాన్నా?" అంది మా ఆవిడ లేచి నిలబడుతూ.

"మీ అమ్మ చేసింది ఈ అలవాటు. ఆవిడ అప్పుడు కొత్తగా కాపురానికి వచ్చింది. మా ఇల్లు గోడవతల. కుండ ఉడుకుతుంటే గోడ మీంచి పిలిచేది, ఒరేయ్ బుడ్డోడా, ఇలా రారా అని. గరిటెతో తీసి, ఊది ఊది, అరచేతిలో పోసేది. నేను నాకుతుంటే నా మొహం వంకే చూసేది. నేను నోరు విప్పక్కర్లేదు. మొహం చిట్లిస్తే నీళ్ళు పోసేది. ఊరికే మింగేస్తే ఉప్పు వేసేది. కళ్ళు వెలిగాయనుకో, దించేసేది. వీధిలో పిల్లలంతా నన్ను ఉప్పోడా అని ఏడిపించేవాళ్ళు. జుట్టు నెరిశాక తాతయ్య అయ్యాను గాని, ఉప్పు మాత్రం పోలేదు."

"అమ్మ రుచి చూసేది కాదు" అంది మా ఆవిడ. గట్టిగానే అంది.

"ఆవిడెక్కడ చూసింది? చూసింది నేను కదా! ఒకసారి మా అమ్మే అడిగింది, దేవుడికి ముందు వీడికి పెడితే ఎంగిలి కాదా అని. పసివాడి నోరు ఎంగిలి కాదు వదినా, వాడికి పెట్టడమూ ఆయనకు పెట్టడమూ ఒకటే అంది మీ అమ్మ."

"అందరూ వాసనతో చెప్పేస్తుందనేవాళ్ళు..."

"వాసనా చూసేది. గొప్పగా చూసేది. చూశాక నన్ను పిలిచేది."

మా ఆవిడ తన కుడి అరచేతిని చూసుకుంది. అందులో ఏదో రాసి ఉన్నట్టు.

"నన్నూ పిలిచేది" అంది. "ఆడుకుంటుంటే పిలిచి పులుసు పోసేది. నేనంటే అంత ముద్దని, అందరికంటే ముందు నాకే పెడుతోందని మురిసిపోయేదాన్ని. అమ్మ నా మొహం చూసి నవ్వేది. నేను కాస్త పెద్దయ్యాక తమ్ముణ్ణి పిలవడం మొదలుపెట్టింది. ఎంత కుళ్ళుకున్నానో! అమ్మకు వాడే ముద్దని వారం రోజులు మాట్లాడలేదు. ఉప్పా! ఉప్పు కోసమా పిలిచింది!"

ఆవిడకు నవ్వొచ్చింది. అది ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మాయదారి అమ్మ. ఒక్క మాట చెప్పలేదు."

"ఉప్పు కోసమే కాదులే" అన్నాడు తాతయ్య. "ఉప్పు కోసమైతే అంతసేపు ఊదాలా?"

కోడలు అసలు సంగతికి వచ్చింది. "అయితే ఇప్పుడు పసివాళ్ళెవరినైనా పిలవాలి. ఈ వేళప్పుడు అందరూ బడిలో ఉంటారే!"

తాతయ్య చాపిన చెయ్యి ఇంకా దించలేదు. "నేనుండగా ఎవరెందుకమ్మా? నోట్లో పళ్ళు లేవు. నడక సరిగా రాదు. మా అమ్మాయి బతిమాలి బతిమాలి ముద్దలు పెడుతుంది. మధ్యాహ్నం బలవంతాన పడుకోబెడతారు. చెప్పకుండా వీధిలోకి వస్తే తిడతారు. ఇంతకంటే పసితనం ఎలా ఉంటుంది?"

మా ఆవిడ నా వంక చూసింది. అంత పూజ చేసే మనిషినని నన్ను అడుగుతోంది. నాకు శాస్త్రం తెలియదు. కానీ ఆ చాపిన చేతిని కాదనే దేవుణ్ణి నేను ఇన్నాళ్ళూ కొలవలేదని మాత్రం తెలుసు. తల ఊపాను.

గరిటెతో తీసింది. ఊదింది, చాలాసేపు ఊదింది. ఆయన అరచేతిలో పోసింది. ఆయన నాకాడు. మేం ముగ్గురం ఆ మొహం చూశాం. కనుబొమలు పైకి వెళ్ళాయి. పెదాలు లోపలికి వెళ్ళాయి. మొహమంతా ఎండిన నిమ్మకాయలా ముడుచుకుపోయింది.

"అమ్మాయ్, ఇది పులుసు కాదు. సముద్రం" అన్నాడు.

ఇక పెరడంతా ఉరుకులూ పరుగులూ. సగం పులుసు ఇంకో గుండిగలోకి వంచాం. నేను గుమ్మడికాయ పగలగొట్టాను. కోడలు ఉప్పు లేకుండా ముక్కలు ఉడికించింది. మా ఆవిడ చింతపండు పిసికింది, రెండు గుండిగల్లోనూ ముక్కలు, రసం, నీళ్ళు, బెల్లం సర్దింది, బియ్యప్పిండి కలిపి పోసింది. తాతయ్య ముక్కాలి పీట మీద చెయ్యి చాపుకుని కూర్చున్నాడు. మరుగు వచ్చినప్పుడల్లా అరచేతిలో కాస్త పడేది. మొదట మొహం సగం ముడుచుకుంది. తర్వాత ఒక కన్ను మాత్రం మూసుకుంది. తర్వాత ఏమీ తేలనట్టు ఆకాశం వంక చూశాడు.

"ఎలా ఉంది పెదనాన్నా?"

"తేలట్లేదు. ఇంకాస్త పొయ్యి."

"తేలిందత్తయ్యా, తినడానికి నాటకాలాడుతున్నారు" అంది కోడలు.

"నువ్వు మందులమ్ముకో తల్లీ. ఉప్పు సంగతి నాకొదిలెయ్."

మా ఆవిడ చిటికెడు బెల్లం వేసి, కలియబెట్టి, మళ్ళీ పోసింది. ఈసారి ఆయన నాకి ఊరుకున్నాడు. ఆ ముసలి కళ్ళు మెల్లగా వెలిగాయి. అరచేతిని వేళ్ళ సందుల దాకా తుడిచినట్టు నాకేశాడు.

"దించెయ్యమ్మాయ్" అన్నాడు.

మా ఆవిడ కట్టెలు వెనక్కి లాగి, కొంగు పట్టుకుని దించింది. రెండోదానికి నేనూ ఒక చెయ్యి వేశాను.

అంతలో టీచరమ్మ స్కూటరు గేటుకు గుద్దినంత పని చేసింది. "నాన్నా! వీధులన్నీ వెతికి చస్తున్నాం! పొద్దున పాలు కూడా తాగలేదు మీరు!"

"పాలల్లో ఉప్పుందా ఏం?" అన్నాడాయన, గడ్డం మీది పులుసు తుడుచుకుంటూ.

టీచరమ్మ తండ్రి మొహం చూసింది. హెల్మెట్టు తీసి పీట పక్కన నేల మీదే కూలబడి, తనూ చెయ్యి చాపింది. "నువ్వు దేవుడికి పెట్టాకే" అని ఆ చేతి మీద ఒక్కటి వేసింది మా ఆవిడ.

మొదటి గరిటె గిన్నెలో పోసుకుని నేను దేవుడి గూటి దగ్గరకు వెళ్ళాను. దీపం నూనె వాసన, పులుసు వాసన కలిసి వస్తున్నాయి. ఎప్పుడూ దణ్ణం పెట్టుకుని వచ్చేసేవాణ్ణి. ఆ రోజు కాస్త నిలబడ్డాను. స్వామీ, ఇన్నాళ్ళూ అన్నిటికంటే ముందు నీకే పెడుతున్నామనుకున్నాం. మా అత్తగారు మాత్రం నీకు ముందే ఎక్కడెక్కడ పెట్టేదో! అది నీకు తెలియకుండా జరిగిందా, నువ్వే ఆ గోడెక్కి వచ్చేవాడివా? ఊరికే అడుగుతున్నాను. గిన్నెలోంచి ఆవిరి తిన్నగా పైకి లేచింది.

తర్వాత జరిగిందంతా తినడమే. రంగులేసే అన్నదమ్ములు రొట్టెల లెక్క మరిచిపోయారు. బస్సు డ్రైవరు ఉప్పు గిన్నె తీసి బల్ల కింద పెట్టి, "పెద్దాయనా, ఈ కొత్త పద్ధతి ఇక ఎత్తెయ్యండి" అని కేక పెట్టాడు. దర్జీ తన ఊరి మాటల్లో ఏదో పాత జోకు చెప్తే నర్సు నీళ్ళు గొంతుకడ్డం పడేలా నవ్వింది. రెండు గుండిగల పులుసు మాకేం చేసుకోవాలో తెలియలేదు. కోడలు వీధిలోకెళ్ళి ఇస్త్రీ ఆయన్నీ, ఆటోల వాళ్ళనీ, మందుల షాపు యజమానినీ పిలుచుకొచ్చింది. కొండ కింది ఊళ్ళ పేరైనా వినని వాళ్ళు కూడా మొదటి ముద్దకు మాట్లాడలేదు, రెండో ముద్దకు అందరూ ఒకేసారి మాట్లాడారు. ఉప్పుతాతయ్య పళ్ళెం ఎవరూ జరపలేదు. ఆయన జరపనివ్వలేదు.

మా అబ్బాయి లారీ దిగి వచ్చేసరికి ఆఖరి పంక్తి నడుస్తోంది. సంగతంతా పెళ్ళాం నోట విన్నాడు. తల్లి దగ్గరకెళ్ళి, "అమ్మా, ఇక..." అన్నాడు.

"ఇక?" అంది మా ఆవిడ గరిటె పట్టుకునే.

వాడు ఆ గరిటెను చూశాడు. "ఇక నాకు కూడా వడ్డిస్తావా అని" అన్నాడు.

"ముసలాయన వారం వారం వస్తానన్నాడు. ఆయనకు ఓపిక లేని రోజున వీధిలో పిల్లలున్నారు. నా ముక్కు వచ్చినప్పుడే వస్తుంది" అంది ఆవిడ పళ్ళెం పెడుతూ.

"మరి నా ముక్కుకు ఇక పనిలేనట్టే కదా" అన్నాను. "బియ్యం డబ్బా వెనకాల నా డబ్బీ..."

"దాని జోలికెళ్తే ఆ ఎర్ర మందు మళ్ళీ పోయిస్తాను."

అందరూ వెళ్ళాక హాల్లో బల్లలు తుడిచాం. గుండిగ అడుగున ఇంకాస్త పులుసు మిగిలింది. మా ఆవిడ గుమ్మంలో కూర్చుంది, కాళ్ళు చాపుకుని. అప్పటిదాకా ఏమీ తినలేదు. నేను గరిటెతో తీసి, చల్లారిపోయిందే అయినా కాస్త ఊదాను. "చెయ్యి చాపు" అన్నాను.

"చాల్లెండి సరసం" అంది. అంటూనే చాపింది.

అరచేతిలో పోశాను. ఆవిడ నాకింది. నేను ఆవిడ మొహం వంకే చూశాను.

ఉప్పు సరిపోయింది.